డామినో, రిపుల్, స్పైరల్: ఒకదాని వల్ల ఒకటి జరిగితే ఇంగ్లీషులో ఏమనాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకి ప్రిపేర్ అవుతున్నారు. ఒకదాని వల్ల ఇంకొకటి, దాని వల్ల మరొకటి జరిగిందని చెప్పాల్సిన ప్రతిచోటా "డామినో ఎఫెక్ట్" అని రాసేస్తున్నారు. చెయిన్ రియాక్షన్, రిపుల్ ఎఫెక్ట్, నాక్-ఆన్ ఎఫెక్ట్, స్నోబాల్ ఎఫెక్ట్, విషస్ సర్కిల్ అని ఇంకా చాలా ఉన్నాయి కదా, అన్నీ ఒకటేనా, ఏది ఎక్కడ వాడాలి అని అడిగారు. నమూనాకి మీరు రాసిన పేరా కూడా పెట్టారు: ఊళ్లో ట్రాఫిక్ పెరిగింది, రోడ్డు వెడల్పు చేశారు, రోడ్డు బాగుందని ఇంకా ఎక్కువ మంది కార్లు తీశారు, మళ్లీ జామ్, మళ్లీ వెడల్పు. దీన్ని డామినో ఎఫెక్ట్ అన్నారు.

నేను ఒక ఇంగ్లీషు పత్రిక డెస్కులో చాలా కాలం రిపోర్టర్ల కాపీ దిద్దాను. ఇప్పుడు మీలాగా పరీక్ష రాసేవాళ్ల వ్యాసాలు దిద్దుతున్నాను. ఈ మాటలన్నీ కలగాపులగం అవడం అక్కడా చూశాను, ఇక్కడా చూస్తున్నాను. ఇవి పర్యాయపదాలు కావు. ఒక్కో మాట లోపల ఒక్కో బొమ్మ ఉంది. జరిగిన దాని ఆకారం ఆ బొమ్మతో కలిస్తేనే మాట అతుకుతుంది. వరసగా పడ్డాయా, పెరిగిపోతూ వెళ్లాయా, తిరిగి మొదటికే వచ్చాయా, చుట్టుపక్కలకి పాకాయా? ముందు ఇది తేల్చుకోండి, మాట దానంతటదే వస్తుంది.

మీ పేరానే తీసుకుందాం. డామినోలు (వరసగా నిలబెట్టి ఆడే చిన్న బిళ్లలు) ఒకసారి పడ్డాక కథ అయిపోయింది, చివరిది పడి మొదటిదాన్ని లేపదు. మీ పేరాలో మాత్రం చివర్న వచ్చిన జామ్ మళ్లీ మొదటి జామ్ దగ్గరికే తీసుకెళ్లింది. అది వలయం. కాబట్టి "విషస్ సర్కిల్" రాయాలి. "విషస్ సైకిల్" అన్నా తప్పు కాదు, రెండూ వాడుకలో ఉన్నాయి. దీనితో వచ్చే క్రియలు కూడా పట్టుకోండి. వలయంలో "కాట్ ఇన్", "ట్రాప్డ్ ఇన్" అవుతారు. దాన్ని "బ్రేక్" చేస్తారు. "స్టాప్ ది విషస్ సర్కిల్" అన్నా అర్థమవుతుంది గానీ, ఇంగ్లీషు వాళ్ల నోట "బ్రేక్" అనే వస్తుంది. రోడ్లు వెడల్పు చేసిన కొద్దీ వాహనాలు పెరగడానికి రవాణా నిపుణులు వాడే మాట "ఇండ్యూస్డ్ డిమాండ్". అది ఒక్కటి మీ పేరాలో పడితే ఎగ్జామినర్ ఆగి చూస్తాడు.

మన తెలుగులో విషవలయం అంటాం. నిజానికి "విషస్"లో విషం లేదు. లోపం, దుర్గుణం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. తర్కంలో ఒకదాన్ని రుజువు చేయడానికి రెండోదాన్ని, రెండోదాన్ని రుజువు చేయడానికి మళ్లీ మొదటిదాన్నే చూపించే దొంగ వాదనకి ముందు ఈ పేరు ఉండేది. అనువదించిన మహానుభావుడెవరో గానీ చెవికీ అర్థానికీ రెండింటికీ కుదిర్చాడు.

వలయం తిరిగిన ప్రతిసారీ పరిస్థితి ఇంకా దిగజారుతుంటే దాన్ని "స్పైరల్" అంటారు. ఆర్థిక శాస్త్రంలో అందరూ చదివేది "వేజ్-ప్రైస్ స్పైరల్". ధరలు పెరిగాయని కార్మికులు జీతాలు పెంచమంటారు, జీతాలు పెరిగాయని కంపెనీలు ధరలు పెంచుతాయి, మళ్లీ జీతాలు. ఇక్కడ తిరిగి అదే చోటికి రావడం లేదు, ప్రతి చుట్టుకీ ఒక మెట్టు పైకెళ్తోంది. "డౌన్‌వర్డ్ స్పైరల్" అంటే మెట్టు మెట్టుగా కిందికి. "స్పైరల్ అవుట్ ఆఫ్ కంట్రోల్" అని క్రియగా కూడా వాడతారు. ఖర్చులకీ అప్పులకీ గొడవలకీ అది బాగా నప్పుతుంది.

మంచి వలయం కూడా ఉంది, "వర్చువస్ సర్కిల్". చదువుకున్న అమ్మాయి తల్లయ్యాక తన కూతుర్ని మానకుండా బడికి పంపుతుంది, ఆ కూతురు తన పిల్లల్ని ఇంకా పైకి చదివిస్తుంది. ఇలాంటి చోట "విషస్" రాసి మార్కులు పోగొట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

వలయాల సంగతిలో ఇంకొక చిక్కు ఉంది, సైన్సు చదివినవాళ్లు కూడా జారేది. "ఫీడ్‌బ్యాక్ లూప్" అనే మాట వింటుంటారు కదా. అందులో "పాజిటివ్ ఫీడ్‌బ్యాక్" అంటే మంచిది అని అర్థం కాదు. మొదలైన మార్పుని ఇంకా పెంచేది అని మాత్రమే. ఆర్కిటిక్ సముద్రంలో మంచు కరిగితే తెల్లటి మంచు పోయి కింద నల్లటి నీళ్లు బయటపడతాయి. మంచు ఎండని వెనక్కి కొట్టేది, నీళ్లు దాన్ని మింగుతాయి. దాంతో వేడి పెరిగి ఇంకా మంచు కరుగుతుంది. ఇది పాజిటివ్ ఫీడ్‌బ్యాక్, కానీ కొంపలు ముంచే వ్యవహారం. "నెగటివ్ ఫీడ్‌బ్యాక్" అంటే మార్పుని అదుపులో పెట్టేది. గది చల్లబడగానే ఏసీ కంప్రెసర్ ఆగిపోవడం అలాంటిదే. పర్యావరణం మీద వ్యాసం వస్తే ఇక్కడ జాగ్రత్త.

ఇప్పుడు డామినోకి వద్దాం. ఈ మాటకి ఊతం ఇచ్చింది అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్. 1954 ఏప్రిల్ 7న పత్రికా సమావేశంలో ఇండోచైనా (వియత్నాం, లావోస్, కంబోడియా) గురించి అడిగితే, వరసగా నిలబెట్టిన డామినోల్లో మొదటిదాన్ని తోస్తే చివరిదాకా ఎంత తొందరగా పడిపోతాయో చూడండి అన్నాడు. ఒక దేశం కమ్యూనిస్టుల చేతిలోకి పోతే పక్కది, దాని పక్కది పోతాయని ఆయన వాదన. సరిగ్గా నెలకి, మే 7న, అక్కడ కమ్యూనిస్టులతో పోరాడుతున్న ఫ్రెంచివాళ్లు వియత్నాంలోని డియన్ బియన్ ఫూలో ఓడిపోయారు. ఆ వాదనకి "డామినో థియరీ" అని పేరు స్థిరపడింది, వియత్నాం యుద్ధానికి అదే సాకు అయింది. 1975లో దక్షిణ వియత్నాం పడింది, లావోస్, కంబోడియా కూడా పోయాయి. థాయిలాండ్, మలేషియా, ఇండోనేషియా మాత్రం నిలబడ్డాయి.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పానంటే, ఆ మాటలో ఏమేం దాగి ఉన్నాయో ఇందులో కనిపిస్తుంది. పడేవన్నీ ఒకే జాతివి (దేశం తర్వాత దేశం, బ్యాంకు తర్వాత బ్యాంకు). పక్కపక్కనే ఉంటాయి. మొదటిది పడితే మిగతావి పడక తప్పదన్న ధీమా కూడా ఉంది. ఆ ధీమా మీ వాక్యానికి అవసరమా అని ఆలోచించుకోండి. ఒక బ్యాంకు మునిగి, దానికి అప్పిచ్చిన రెండోది, దానికి అప్పిచ్చిన మూడోది మునిగితే డామినో సరిగ్గా సరిపోతుంది. వాన పడి, పంట పోయి, రైతు పట్నం వలస వచ్చి, పట్నంలో అద్దెలు పెరిగితే సరిపోదు. ఒక్కో లంకె ఒక్కో రకం కాబట్టి అక్కడ "చెయిన్ ఆఫ్ ఈవెంట్స్" అనడమే సుఖం. బొమ్మ లేని సాదా మాట, ఎక్కడా తప్పు పట్టలేరు. డెస్కులో ఏ మాటా కుదరకపోతే నేను పెట్టేది అదే.

"చెయిన్ రియాక్షన్" రసాయన శాస్త్రం నుంచి వచ్చింది. 1913లో మాక్స్ బోడెన్‌స్టైన్ అనే రసాయన శాస్త్రవేత్త హైడ్రోజన్, క్లోరిన్ వాయువుల మిశ్రమం మీద వెలుతురు పడినప్పుడు ఏం జరుగుతుందో పరిశీలించి, పడిన కాంతికి ఏమాత్రం పొంతన లేనన్ని అణువులు మారిపోతున్నాయని గమనించాడు. ఒక అణువు మారుతూ పక్కదాన్ని మార్చగలిగేదాన్ని తయారు చేస్తోందన్న మాట. 1933లో లియో జిలార్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త లండన్‌లో ఉండగా ఇదే పని పరమాణువు లోపలి న్యూట్రాన్లతో చేయవచ్చని ఊహించాడు. 1942 డిసెంబరు 2న చికాగోలో ఎన్రికో ఫెర్మీ బృందం దాన్ని చేసి చూపించింది. ఇందులో అసలు విషయం, ప్రతి అడుగులో పుట్టింది తర్వాతి అడుగుకి ఇంధనం అవుతుంది. ఒకటి రెండై, రెండు నాలుగై పెరిగే అవకాశం కూడా ఉంది. పుకారు పాకడం, ఒకరు షేర్లు అమ్మితే చూసి ఇంకొకరు అమ్మడం, పొగమంచులో హైవే మీద వరసగా ఒక బండిని ఇంకొకటి గుద్దడం లాంటి వాటికి పత్రికలు ఈ మాటే వాడతాయి. దీని క్రియలు "సెట్ ఆఫ్", "ట్రిగర్". "ట్రిగర్డ్ ఎ చెయిన్ రియాక్షన్" అన్నది అరిగిపోయినా చెల్లుబాటయ్యే నాణెం.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైన మాట "కాస్కేడ్". మెట్లు మెట్లుగా దూకే చిన్న జలపాతం. ఎక్కడ వాడాలో చెప్పడానికి 2012 జూలై కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. జూలై 30 తెల్లవారుజామున 2.33కి ఉత్తర భారత విద్యుత్ గ్రిడ్ కుప్పకూలింది. ఎలాగో సర్ది నిలబెట్టారు. మర్నాడు మధ్యాహ్నం 1 గంటకి మళ్లీ పోయింది. ఈసారి ఉత్తరంతో పాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా. 60 కోట్లకు పైగా జనం ఉన్న ప్రాంతంలో కరెంటు లేదు. రైళ్లు ఆగాయి, బొగ్గు గనుల్లో కార్మికులు లోపలే చిక్కుకున్నారు. రెండు రోజులూ కథ మొదలైంది ఒకే చోట: పశ్చిమ గ్రిడ్ నుంచి ఉత్తరానికి కరెంటు మోసే బీనా-గ్వాలియర్ 400 కేవీ లైను ట్రిప్ అవడంతో. అప్పటికే మరమ్మతులకనీ వేరే కారణాలకనీ చాలా లైన్లు తీసేసి ఉన్నాయి. ఉన్న లైను పోగానే అది మోస్తున్న కరెంటు మిగతా లైన్ల మీదికి మళ్లింది. వాటి బరువు పెరిగి అవీ ట్రిప్ అయ్యాయి. వాటి బరువు ఇంకా మిగిలిన వాటి మీద పడింది.

డామినోకీ దీనికీ ఉన్న తేడా ఇక్కడ కనిపిస్తుంది. డామినోలో ఒకటి పడితే పక్కది పడుతుంది, అంతే. కాస్కేడ్‌లో ఒకటి పోతే దాని భారం మిగతావాటి మీద పడి, అవి ఇంకా తొందరగా పోతాయి. అందుకే ఇంజనీర్లు "కాస్కేడింగ్ ఫెయిల్యూర్", "కాస్కేడ్ ట్రిప్పింగ్" అంటారు. ఇద్దరు రాజీనామా చేస్తే వాళ్ల పని మిగతా ముగ్గురి మీద పడి, వాళ్లూ విసిగి మానేస్తే అదీ కాస్కేడే. అన్నట్టు, అప్పట్లో దక్షిణ గ్రిడ్ దేశంలో మిగతా గ్రిడ్‌తో ఒకే లయలో కలిసి లేదు. రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైనుతో కలిసింది 2013 డిసెంబరు 31న. కాబట్టి ఆ రెండు రోజులు మన వైపు ఆ దెబ్బ తగల్లేదు. మనకి కరెంటు కోతలు వేరే లెక్కలో ఎలాగూ ఉండేవి, అది వేరే కథ.

"రిపుల్ ఎఫెక్ట్" గురించి రెండు ముక్కలు. చెరువులో రాయి వేస్తే అలలు పుట్టినచోట పెద్దగా ఉండి, దూరం వెళ్లే కొద్దీ పల్చబడతాయి. కాబట్టి ఒక చోట జరిగినది దూరాన ఉన్నవాళ్లకి కూడా ఎంతో కొంత తగిలిందని చెప్పడానికే ఇది. "ది రిపుల్ ఎఫెక్ట్ డిస్ట్రాయ్డ్ ది ఎకానమీ" అని రాసిన వాక్యం నేను దిద్దాను. అల వచ్చి నాశనం చేయదండీ. ఇక దీని పక్క మాట నాక్-ఆన్ ఎఫెక్ట్. 2021 మార్చి 23న 400 మీటర్ల పొడవున్న ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువలో అడ్డం తిరిగింది. మార్చి 29 దాకా కదల్లేదు. వెనక వందల ఓడలు ఆగాయి. ఓడ కదిలాక కూడా యూరప్ రేవుల్లో ఓడలన్నీ ఒకేసారి వచ్చి పడి గందరగోళం, ఖాళీ కంటైనర్లు ఆసియాకి వేళకి తిరిగి రాకపోవడం. ఈ తర్వాతి ఆలస్యాలకి బ్రిటిష్ పత్రికలు "నాక్-ఆన్ ఎఫెక్ట్" అని రాస్తాయి. ముందు రైలు లేటయితే వెనక రైలు లేటు, దాని కనెక్షన్ పట్టుకోవాల్సినవాడు లేటు. ప్రతిదీ దాని వెనకదాన్ని తట్టడం ఇందులో ఉంది. బ్రిటన్, ఆస్ట్రేలియా పాఠకులకి ఇది రోజువారీ మాట. అమెరికా వాళ్లు ఎక్కువగా "రిపుల్" అనో "డామినో" అనో అంటారు. ఐఈఎల్‌టీఎస్‌లో ఏదైనా చెల్లుతుంది. రగ్బీ ఆటలో "నాక్-ఆన్" అంటే బంతిని ముందుకు జారవిడిచే తప్పు, దానితో దీనికి సంబంధం లేదు.

"స్నోబాల్" మనకి కొత్త బొమ్మ, మంచు చూసినవాళ్లం తక్కువ. కానీ "చిలికి చిలికి గాలివాన అయింది" అన్నది దాదాపు ఇదే. చిన్న మాట పెద్ద గొడవ అయినప్పుడు, చిన్న అప్పు చక్రవడ్డీతో కొండంత అయినప్పుడు వాడండి. క్రియగా ఇంకా బాగుంటుంది: "ది డెట్ స్నోబాల్డ్". ఇక్కడ ఒకే వస్తువు పెరుగుతోంది. వేర్వేరు వస్తువులు వరసగా దెబ్బతింటే స్నోబాల్ కాదు.

"బటర్‌ఫ్లై ఎఫెక్ట్" మాత్రం వీలైనంతవరకు వాడకండి. చిన్న కారణం, పెద్ద ఫలితం అన్నంత మాత్రాన అది బటర్‌ఫ్లై కాదు. ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1961లో కంప్యూటర్‌లో ఒక లెక్కని మళ్లీ నడిపిస్తూ 0.506127కి బదులు ప్రింటవుట్‌లో ఉన్న 0.506 కొట్టాడు. కాసేపటికి వచ్చిన వాతావరణం మొదటిదానితో ఎక్కడా కలవలేదు. 1972లో చేసిన ఒక ప్రసంగానికి, బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే టెక్సాస్‌లో సుడిగాలి లేస్తుందా అని ప్రశ్నే శీర్షిక. ఆయన చెప్పింది ముందుగా ఊహించలేమని. ఏ రెక్క వల్ల ఏ గాలి అన్నది ఎవరూ వెతికి పట్టుకోలేరు. మీ వ్యాసంలో మీరు చేసేది సరిగ్గా దానికి తిరగబడ్డ పని: దీని వల్ల ఇది అని వరసగా చూపిస్తున్నారు.

నామవాచకాల సంగతి ఇంతటితో చాలు. నిజం చెప్పాలంటే వ్యాసాల్లో మార్కులు పోయేది వీటి దగ్గర కాదు, వాక్యం కట్టడం దగ్గర. ఎందుకంటే తెలుగులో మనకి ఒక గొప్ప సదుపాయం ఉంది, క్త్వార్థకం (పడి, జారి లాంటి క్రియారూపం). "వాన పడి, రోడ్డు చిత్తడై, బండి జారి డివైడర్‌కి గుద్దుకుంది." ఇందులో "వల్ల" లేదు, "కాబట్టి" లేదు. అయినా వినేవాడికి ఏది దేనివల్లో తెలిసిపోయింది. ఇదే మనం ఇంగ్లీషులోకి దింపితే "రెయిన్ కేమ్ అండ్ రోడ్ బికేమ్ వెట్ అండ్ బైక్ స్లిప్డ్ అండ్..." అని అండ్‌ల తోరణం అవుతుంది. ఇంగ్లీషు "అండ్" ముందు ఇది, తర్వాత అది అని ప్రధానంగా చెప్తుంది. కారణపు బరువు ఇన్ని లంకెల దాకా మోయలేదు. ఆ బరువు క్రియ మీద పెట్టాలి: "ది రెయిన్ హ్యాడ్ మేడ్ ది రోడ్ స్లిపరీ, అండ్ ది బైక్ స్కిడెడ్ ఇంటు ది డివైడర్." ఇక్కడ "మేడ్" అన్న ఒక్క క్రియలో కారణం కూర్చుంది. "ఇంటు"లో గుద్దడం కూర్చుంది. మిగిలిన "అండ్" ఒక్కటే, అది తేలిగ్గా ఉంది.

సాధన కోసం నేను అందరికీ ఇచ్చేది ఏడు చేపల కథ. మీకు తెలిసిందే. చేప ఎండలేదు, గడ్డిమేటు అడ్డొచ్చింది, ఆవు మేయలేదు, గొల్లవాడు మేపలేదు, అమ్మ అన్నం పెట్టలేదు, పిల్లాడు ఏడ్చాడు, చీమ కుట్టింది, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంది చీమ. ఊరిని బట్టి పాత్రలు కొంచెం మారతాయి. దీన్ని కారణం నుంచి ఫలితం వైపు తిప్పి, ఇంగ్లీషులో రాయమంటాను. కూర్చోండి, రాయండి, చెమటలు పడతాయి.

ఎక్కడ కష్టమో చూడండి. ఈ గొలుసులో లంకెలు సగానికి పైగా "జరగనివి". ఎండలేదు, మేయలేదు, మేపలేదు, పెట్టలేదు. "కాజ్", "లీడ్ టు" అన్నవి జరిగినవాటికి సులువు. జరగనివాటికి ఇంగ్లీషు దగ్గర వేరే సామాను ఉంది: "ప్రివెంట్", "కీప్ ఫ్రమ్", "లీవ్". నేను రాసేది ఇలా ఉంటుంది: "ది ఆంట్ బిట్ ది చైల్డ్. ది చైల్డ్స్ క్రయింగ్ కెప్ట్ హిజ్ మదర్ ఫ్రమ్ ఫీడింగ్ ది కౌహర్డ్. హంగ్రీ, హి డిడ్ నాట్ టేక్ ది కౌ అవుట్. దట్ లెఫ్ట్ ది హేస్టాక్ స్టాండింగ్, విచ్ ఇన్ టర్న్ కెప్ట్ ది సన్ ఆఫ్ ది ఫిష్."

ఇందులో మూడు పనులు జరిగాయి. పిల్లాడు ఏడ్చాడు అన్న వాక్యం "ది చైల్డ్స్ క్రయింగ్" అనే నామవాచకం అయింది. అలా అయితేనే అది తర్వాతి వాక్యానికి కర్త అవుతుంది. "హంగ్రీ" అన్న ఒక్క మాట ఒక లంకెని మొత్తం మింగింది. "విచ్ ఇన్ టర్న్" చివర్న ఒక్కసారే వచ్చింది. ఇది గొలుసుల కోసమే పుట్టిన మాట: ఫలితంగా వచ్చినదే ఇప్పుడు కారణం అయింది అని చెప్తుంది. మొదటి లంకెకి వాడకూడదు, ప్రతి లంకెకీ వాడితే విసుగు. మీ పేరాలో వరసగా మూడుసార్లు ఉంది. రెండు తీసేయండి.

చీమ దగ్గర ఇంకొక సంగతి. చీమ కుట్టడం పిల్లాడి ఏడుపుకి "కాజ్". పుట్టలో వేలు పెట్టడం చీమ చెప్పుకునే "రీజన్". బుద్ధి ఉన్నదేదో ఆలోచించి చేసిన పనికి రీజన్ ఉంటుంది, ప్రమాదానికి కాజ్ ఉంటుంది. తెలుగులో రెండూ కారణమే కాబట్టి మనకి పట్టదు. పోలీసులు వెతికేది "కాజ్ ఆఫ్ ది ఫైర్", మీరు రాజీనామా లేఖలో రాసేది "రీజన్ ఫర్ లీవింగ్". వెనక వచ్చే "ఆఫ్", "ఫర్" కూడా గమనించండి.

ఇంగ్లీషులో ఇలాంటి గొలుసు ఒకటి ఉంది, గుర్రపు నాడా మేకు గురించి. మేకు లేక నాడా పోయింది, నాడా లేక గుర్రం, గుర్రం లేక రౌతు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1758 పంచాంగంలో దాన్ని వేశాడు. అది కారణం నుంచి ఫలితానికి నడుస్తుంది. మన చేపల కథ ఫలితం నుంచి కారణానికి నడుస్తుంది. పరీక్షలో మీకు రెండు నడకలూ కావాలి. కారణం ముందు చెప్తే "లెడ్ టు", "రిజల్టెడ్ ఇన్", "గేవ్ రైజ్ టు". ఫలితం ముందు చెప్తే "రిజల్టెడ్ ఫ్రమ్", "స్టెమ్డ్ ఫ్రమ్", "వజ్ డ్యూ టు". "రిజల్ట్ ఇన్", "రిజల్ట్ ఫ్రమ్" తారుమారైతే అర్థమే తిరగబడుతుంది.

మనవాళ్లు తరచూ చేసే పొరపాట్లు గబగబా చెప్పేస్తాను. "రిజల్టెడ్ ఇంటు" లేదు, "ఇన్" మాత్రమే. "డ్యూ టు" తర్వాత నామవాచకం రావాలి. "డ్యూ టు హి వజ్ ఇల్" తప్పు. "బికాజ్"తో మొదలైన వాక్యంలో "సో" అక్కర్లేదు. "లీడ్"కి భూతకాలం "లెడ్". "ది రీజన్ ఈజ్ బికాజ్" నోటితో అందరూ అంటారు, పరీక్షలో "దట్" రాయండి. ఇంకొకటి, "కాజ్" అనే క్రియకి దుర్వాసన ఉంది. నష్టం, ఆలస్యం, నొప్పి, గొడవ లాంటివే దాని వెనక వస్తాయి. "ది న్యూ స్కూల్ కాజ్డ్ ఇంప్రూవ్‌మెంట్" అంటే వ్యాకరణం తప్పు కాదు గానీ చదివేవాడి మొహం ముడుచుకుంటుంది. మంచి మార్పుకి "బ్రాట్ అబౌట్" ఉంది. మంచి చేద్దామనుకుంటే ఎదురు తన్నిన సందర్భానికి, అంటే కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినప్పుడు, "బ్యాక్‌ఫైర్డ్" ఉంది.

చివరగా, లంకె ఎంత గట్టిదో క్రియలోనే చెప్పాలి. ఐఈఎల్‌టీఎస్ స్కోరులో బ్యాండ్ 6కీ 7కీ మధ్య ఇది చాలా పని చేస్తుందని నా అభిప్రాయం. రాబందుల ఉదాహరణ తీసుకోండి. మన దేశంలో తెల్లవీపు రాబందులు 1990ల మొదట్నుంచి 2007 నాటికి 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. పశువులకి నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ మందు కళేబరాల్లో మిగిలి, అది తిన్న రాబందుల కిడ్నీలు పాడవుతున్నాయని 2004లో తేలింది. 2006లో పశువులకి వాడకుండా మన దేశంలో నిషేధించారు. ఈ లంకె ప్రయోగాల్లో రుజువైంది కాబట్టి ఇక్కడ "కాజ్డ్" అని ధైర్యంగా రాయవచ్చు: "డైక్లోఫెనాక్ కాజ్డ్ కిడ్నీ ఫెయిల్యూర్ ఇన్ వల్చర్స్." రాబందులు లేక కళేబరాలు కుక్కలకి మిగిలాయి, కుక్కలు పెరిగాయి. ఇక్కడ "కాంట్రిబ్యూటెడ్ టు" సరిపోతుంది, ఎందుకంటే కుక్కలు పెరగడానికి ఊళ్లలో చెత్త లాంటి కారణాలూ ఉన్నాయి. రాబందుల లోటు వల్ల 2000 నుంచి 2005 మధ్య మనుషుల్లో సుమారు 5 లక్షల అదనపు మరణాలు జరిగి ఉంటాయని 2024లో ఒక ఆర్థిక శాస్త్ర పరిశోధన లెక్కగట్టింది. అది అంచనా. అక్కడ "మే హ్యావ్ లెడ్ టు" గానీ "ఈజ్ ఎస్టిమేటెడ్ టు హ్యావ్ లెడ్ టు" గానీ రాయాలి. ఒకే గొలుసు, మూడు లంకెలు, మూడు రకాల గట్టిదనం.

"ట్రిగర్" కూడా ఇలాగే. అప్పటికే ఎండిన గడ్డిమీద అగ్గిపుల్ల పడిందనాలంటే ట్రిగర్. 2012లో బీనా-గ్వాలియర్ లైను ట్రిగర్ మాత్రమే, అసలు కారణం అప్పటికే బలహీనమైపోయి ఉన్న గ్రిడ్, కేటాయించిన దానికంటే ఎక్కువ లాగేసిన రాష్ట్రాలు. "ది ట్రిప్పింగ్ ఆఫ్ ఎ సింగిల్ లైన్ ట్రిగర్డ్ ది బ్లాకవుట్, బట్ ఓవర్‌డ్రాయింగ్ హ్యాడ్ ఆల్రెడీ వీకెన్డ్ ది గ్రిడ్" అని రాస్తే రెండూ చెప్పినట్టు. ఇక ఒకదాని తర్వాత ఒకటి జరిగింది గానీ సంబంధం తేలలేదనుకోండి, కాకి వాలింది, తాటిపండు పడింది. మనం కాకతాళీయం అంటాం. అప్పుడు "కాజ్", "లీడ్ టు"ల జోలికి పోకుండా "కోఇన్‌సైడెడ్ విత్" అనో, "వజ్ ఫాలోడ్ బై" అనో రాసి ఊరుకోండి.